బల్ల మీద పనిచేసిన మెష్ చెరువు గట్టు మీద ఎందుకు ఆగింది?

భీమవరం దగ్గర ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఎన్ఆర్ఎఫ్52840 అనే రేడియో చిప్ ఉన్న డెవలప్‌మెంట్ కిట్లు (బోర్డులు) మూడు తెచ్చుకుని, వాటిలో ఓపెన్‌థ్రెడ్ సీఎల్ఐ శాంపిల్ ఫ్లాష్ చేశాడు. థ్రెడ్ అంటే చిన్న పరికరాలు ఒకదాని మీదుగా ఇంకొకటి సందేశాలు అందించుకునే వైర్‌లెస్ మెష్ నెట్‌వర్క్, ఓపెన్‌థ్రెడ్ దాని సాఫ్ట్‌వేర్, సీఎల్ఐ అంటే కమాండ్లు టైప్ చేసి నడిపే పద్ధతి. మొదట మూడు బోర్డులూ "లీడర్" (నెట్‌వర్క్‌ని నడిపే బోర్డు) అనే చూపించాయి. తర్వాత ఎలాగో కలిశాయి. హాస్టల్ గదిలో పింగ్ (ఒక బోర్డు పంపి జవాబు కోసం చూసే పరీక్ష సందేశం) చక్కగా వచ్చింది. అదే సెట్టును వాళ్ల నాన్నగారి రొయ్యల చెరువుల దగ్గరికి తీసుకెళ్లి గట్ల మీద పెడితే, మధ్యలో ఒక బోర్డు ఉన్నా చివరి బోర్డు దొరకలేదు. "శాంపిల్‌లో బగ్ ఉందా, బోర్డులో లోపమా, అసలు థ్రెడ్ చెరువులకి పనికిరాదా?" అని అడిగాడు.

తమ్ముడూ, శాంపిల్‌లో బగ్ లేదు. బోర్డు కూడా బాగానే ఉండి ఉంటుంది. థ్రెడ్ చెరువులకి పనికొస్తుందా లేదా అన్నది నువ్వింకా పరీక్షించనే లేదు. హాస్టల్ గదిలో నువ్వు చూసింది మెష్ కాదు. ఒకే గదిలో మూడు రేడియోలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకున్నాయి, అంతే. మధ్య బోర్డు మీదుగా ఒక్క ప్యాకెట్ కూడా వెళ్లి ఉండదు. కాబట్టి చెరువు దగ్గరికి మళ్లీ వెళ్లే ముందు బల్ల మీదే చేయాల్సిన పని చాలా ఉంది.

ముందు ముగ్గురు లీడర్ల సంగతి. నువ్వు మూడు బోర్డుల్లోనూ "ఓటీ డేటాసెట్ ఇనిట్ న్యూ" కొట్టి ఉంటావు. డేటాసెట్ అంటే నెట్‌వర్క్ సెట్టింగుల కట్ట. ఆ కమాండ్ కొట్టినప్పుడల్లా కొత్త నెట్‌వర్క్ కీ (రహస్య తాళం), కొత్త పాన్ ఐడీ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) పుడతాయి. అంటే మూడు బోర్డులు మూడు వేరే నెట్‌వర్కులు పెట్టుకుని, ఎవరి నెట్‌వర్క్‌కి వాళ్లే లీడర్లయ్యారు. ఆ కమాండ్ ఒకటో బోర్డులో మాత్రమే కొట్టాలి. దాన్ని కమిట్ చేశాక "డేటాసెట్ యాక్టివ్" పక్కన మైనస్ ఎక్స్ పెట్టి అడిగితే పొడవాటి హెక్స్ వరుస ఒకటి ఇస్తుంది. దాన్ని యథాతథంగా కాపీ చేసి మిగతా రెండు బోర్డుల్లో "డేటాసెట్ సెట్ యాక్టివ్" తర్వాత అతికించు. ఆ తర్వాత "ఐఎఫ్‌కాన్ఫిగ్ అప్", "థ్రెడ్ స్టార్ట్" కమాండ్లు కొట్టు. ఇంకో చిక్కుంది. కోడ్ మళ్లీ ఫ్లాష్ చేసినంత మాత్రాన పాత డేటాసెట్ చెరిగిపోదు, అది ఫ్లాష్ మెమరీలో వేరే చోట భద్రంగా ఉంటుంది. అందుకే ప్రతి కొత్త పరీక్షకీ ముందు "ఓటీ ఫ్యాక్టరీరీసెట్" కొట్టడం అలవాటు చేసుకో. నిన్నటి కీతో ఒక బోర్డు, ఇవాళ్టి కీతో ఇంకో బోర్డు ఉంటే ఎంతసేపు చూసినా కలవవు.

డేటాసెట్ ఒకటే అయినా రెండు బోర్డులు లీడర్లుగా కనిపించే సందర్భం కూడా ఉంది. అవి ఒకదాన్నొకటి వినలేకపోతే రెండు పార్టిషన్లుగా విడిపోయి చెరో లీడర్‌ని పెట్టుకుంటాయి. వినపడే దూరంలోకి రాగానే వాటంతట అవే కలిసిపోతాయి. ఈ రెండు పరిస్థితుల్ని కలిపేసి చూడకు. హెక్స్ వరుసలు తేడాగా ఉంటే తప్పు సెట్టింగ్‌లో ఉంది. ఒకటే అయినా ఇద్దరు లీడర్లుంటే తప్పు రేడియో దారిలో ఉంది. చెరువు దగ్గర నీకు ఎదురైంది బహుశా రెండోదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బల్ల మీదే నిజమైన మెష్ ఎలా తయారు చేయాలి? ఓపెన్‌థ్రెడ్‌లో మ్యాక్‌ఫిల్టర్ అని ఒక కమాండ్ ఉంది. దాంట్లో అలౌలిస్ట్ పెడితే, ఆ లిస్టులో ఉన్న బోర్డుల మాట తప్ప ఇంకెవరి మాటా ఆ బోర్డు వినదు. ప్రతి బోర్డులో "ఓటీ ఎక్స్‌ట్‌అడ్ర్" అని కొట్టి దాని అడ్రస్ కాగితం మీద రాసుకో. ఒకటో బోర్డు లిస్టులో రెండోదాన్ని మాత్రమే వెయ్యి. మూడో బోర్డులో కూడా రెండోదాన్ని మాత్రమే. రెండో బోర్డులో మిగతా రెండింటినీ వెయ్యి. మూడింట్లోనూ అలౌలిస్ట్ ఆన్ చేశాక థ్రెడ్ స్టార్ట్ చెయ్యి. అప్పుడు పక్కపక్కనే ఉన్నా ఒకటికీ మూడుకీ మధ్య నేరు దారి ఉండదు. రెండో బోర్డు మోస్తేనే ప్యాకెట్ చేరుతుంది.

ఇక్కడ కంగారు పడకుండా స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. మూడో బోర్డులో "ఓటీ స్టేట్" కొడితే ముందు డిటాచ్‌డ్ (ఇంకా చేరలేదు) అంటుంది, కాసేపటికి చైల్డ్ (ఒక రూటర్‌ని పట్టుకుని ఉండేది; రూటర్ అంటే ఇతరుల ప్యాకెట్లు మోసే బోర్డు) అంటుంది. చాలామంది అక్కడితో ఆపేసి "రూటర్ అవ్వలేదు, చెడిపోయింది" అనేసుకుంటారు. థ్రెడ్‌లో కొత్తగా చేరిన బోర్డు రూటర్ కావాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి 120 సెకన్లలోపు ఏదో ఒక క్షణాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. అందరూ ఒక్కసారే ఎగబడకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ స్టేట్ అడిగితే రూటర్ అని వస్తుంది. నెట్‌వర్క్‌లో రూటర్లు 16 కంటే తక్కువ ఉన్నంతకాలం ఇలాగే పైకి ఎక్కుతాయి. మొత్తం మీద ఒక నెట్‌వర్క్‌లో 32 రూటర్లకి మించి ఉండవు, మిగతావన్నీ చైల్డ్‌లే.

మూడో బోర్డు రూటర్ అయ్యాక ఒకటో బోర్డులో "ఓటీ రూటర్ టేబుల్" తియ్యి. మూడో బోర్డు వరుసలో నెక్స్ట్ హాప్ (ప్యాకెట్ తర్వాత వెళ్లే బోర్డు) అనే గడిలో రెండో బోర్డు ఐడీ కనపడాలి. ఆ గడి చూశాకే నీ దగ్గర మెష్ ఉందని నమ్ము. పింగ్ వచ్చింది కాబట్టి మెష్ ఉందనుకోవడం సరిపోదు.

దీన్ని తేల్చుకోవడానికి ఇంకో చక్కటి పరీక్ష ఉంది. ఒకటో బోర్డు నుంచి ఎఫ్ఎఫ్02::1 అనే మల్టీకాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే) అడ్రస్‌కి పింగ్ కొట్టు. అది ఒక్క హాప్ వరకే వెళ్తుంది కాబట్టి రెండో బోర్డు ఒక్కటే పలకాలి. తర్వాత ఎఫ్ఎఫ్03::1 కి కొట్టు. అది మెష్ అంతా పాకుతుంది కాబట్టి రెండూ పలకాలి. మొదటిదానికే రెండు జవాబులు వస్తే నీ ఫిల్టర్ సరిగ్గా పడలేదని అర్థం.

పింగ్ సైజు కూడా మార్చి చూడు. థ్రెడ్ వాడే 802.15.4 రేడియో ప్రమాణంలో ఒక ఫ్రేమ్ (ఒక్కసారికి పంపే మూట) మొత్తం 127 బైట్లే. అంతకంటే పెద్ద ప్యాకెట్‌ని థ్రెడ్‌లోని 6లోప్యాన్ అనే భాగం ముక్కలు చేసి పంపుతుంది. ఒక్క ముక్క దారిలో పోయినా ప్యాకెట్ మొత్తం పోయినట్టే. చిన్న పింగ్‌కి నూటికి నూరూ వచ్చే బలహీనమైన లింకు, 1000 బైట్ల పింగ్‌కి బయటపడిపోతుంది. ముందు చిన్నది, తర్వాత పెద్దది, రెండూ యాభై చొప్పున పంపి ఎన్ని తిరిగొచ్చాయో రాసుకో. నీ సెన్సర్ ప్యాకెట్ ఒక్క ఫ్రేమ్‌లో ఇమిడేలా రాయమని చెప్పేది కూడా ఇందుకే. చెరువు ఐడీ, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజీ బైనరీలో పంపితే పదో పదిహేనో బైట్లు చాలు. దాన్ని జేసన్ (పేర్లతో సహా రాసే టెక్స్ట్ రూపం) వాక్యంగా పంపి రేడియోని కష్టపెట్టొద్దు.

తర్వాత మధ్య బోర్డుని చంపే పరీక్ష. దీనికి నాలుగో బోర్డు కావాలి. ఇంకో పెద్ద కిట్ అక్కర్లేదు, అదే చిప్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ డాంగిల్ చాలు, ధర కూడా తక్కువ. ఒకటి, నాలుగు చివర్లలో, రెండు, మూడు మధ్యలో ఉండేలా ఫిల్టర్లు వెయ్యి. అంటే చివరి వాటి మధ్య రెండు దారులుంటాయి. సెకనుకో పింగ్ నడుస్తుండగా, ప్యాకెట్లు ఏ మధ్య బోర్డు మీదుగా వెళ్తున్నాయో రూటర్ టేబుల్‌లో చూసి దాని కేబుల్ పీకెయ్యి. ట్రాఫిక్ నడుస్తుంటే పంపిన ఫ్రేమ్‌లు వరసగా ఫెయిలై దారి త్వరగా రెండోవైపుకి మారుతుంది. ట్రాఫిక్ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు పీకితే, పక్క రూటర్ చచ్చిందని మిగతావాళ్లు గ్రహించడానికి 100 సెకన్ల దాకా పట్టొచ్చు. లీడర్‌నే పీకితే కొత్త లీడర్ రావడానికి ఇంచుమించు 120 సెకన్లు. ఇవి లోపాలు కావు, ప్రోటోకాల్‌లో పెట్టిన గడువులు. ఈ గడువులు తెలియకపోవడం వల్లే చాలామంది పది సెకన్లకే రీసెట్ బటన్ నొక్కేసి, మెష్ తనంతట తాను బాగుపడటాన్ని ఎప్పుడూ చూడరు.

ఒక్క జాగ్రత్త. మ్యాక్‌ఫిల్టర్ ర్యామ్‌లోనే ఉంటుంది. కేబుల్ పీకి మళ్లీ పెడితే ఆ బోర్డు ఫిల్టర్ పోయి అందరి మాటా వింటుంది. పీకి పెట్టిన ప్రతిసారీ ఫిల్టర్ మళ్లీ వేసుకో, లేకపోతే ఫలితాలు తికమకగా వస్తాయి.

ఫిల్టర్‌తో పని అయ్యాక, అసలు రేడియోతో అదే ఆకారం తెప్పించు. "ఓటీ టీఎక్స్‌పవర్" (పంపే శక్తి) ని 0 నుంచి మైనస్ 20 డీబీఎం (రేడియో శక్తి కొలత) కి దించితే శక్తి నూరో వంతుకి పడిపోతుంది, ఖాళీ ప్రదేశంలో దూరం పదో వంతు అవుతుంది. హాస్టల్ వరండాలోనే బోర్డులు విడగొట్టి రెండు మూడు హాప్‌లు రప్పించొచ్చు. మనుషులు నడుస్తుంటే లింకు ఎలా ఊగుతుందో అక్కడే తెలుస్తుంది.

హాస్టల్ అంటే వైఫై గోల కూడా ఉంటుంది. థ్రెడ్ 2.4 గిగాహెర్ట్జ్‌లో 11 నుంచి 26 వరకు చానళ్లు వాడుతుంది. వైఫై సాధారణంగా 1, 6, 11 చానళ్లలో కూర్చుంటుంది. ఆ మూడింటి మధ్య సందుల్లో పడేవి థ్రెడ్‌లో 15, 20 చానళ్లు. 25, 26 పై అంచున ఉంటాయి. నేనైతే 25 తో మొదలుపెడతాను. చెరువు దగ్గర వైఫై గొడవ తక్కువే కానీ కాపలా షెడ్డులో సీసీ కెమెరా వైఫై మీద నడుస్తుంటే అక్కడా ఇదే లెక్క.

ఇక చెరువు గట్టు. నీ మధ్య బోర్డు ఎందుకు పనిచేయలేదో నాకు రెండు అనుమానాలున్నాయి. మొదటిది పవర్ బ్యాంకు. బోర్డు లాగే కరెంటు చాలా తక్కువ. ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. నువ్వు అవతలి గట్టుకి నడిచి వెళ్లేలోపే మధ్య బోర్డు ఆరిపోయి ఉండొచ్చు. మళ్లీ వెళ్లినప్పుడు ముందు దాని లైటు చూడు. కిట్ అడుగున సీఆర్2032 బిళ్ల బ్యాటరీకి చోటుంది కానీ, రూటర్ రేడియో ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది కాబట్టి బిళ్ల బ్యాటరీ ఎక్కువసేపు నిలబడదు. లిథియం సెల్‌తో నేరుగా ఇచ్చే ఏర్పాటు చేసుకో. రెండోది, బోర్డుకి కరెంటు పెట్టగానే థ్రెడ్ దానంతట అది మొదలవ్వాలి. ఈ శాంపిల్ నడిచే జెఫైర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఓపెన్‌థ్రెడ్ మాన్యువల్ స్టార్ట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, ల్యాప్‌టాప్ తగిలించి థ్రెడ్ స్టార్ట్ కొట్టేదాకా బోర్డు ఊరికే కూర్చుంటుంది. ఆ సెట్టింగ్ ఆపేసి బిల్డ్ చెయ్యి. కరెంటు పోయి వచ్చే మన ఊళ్లలో ఇది తప్పనిసరి.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా ఎత్తు సంగతి చూడకపోతే లాభం లేదు. చెరువు మీద రేడియో తరంగం రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి నేరుగా, ఇంకొకటి నీటి మీద తగిలి. ఆ రెండూ దూరం పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. రెండు యాంటెన్నాల ఎత్తుల్ని గుణించి, నాలుగుతో హెచ్చవేసి, తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక దూరం వస్తుంది. అది దాటాక దూరం రెట్టింపైతే శక్తి నాలుగో వంతుకి కాక పదహారో వంతుకి పడిపోయే వైపు వెళ్తుంది. యాంటెన్నాలు నీటి మట్టానికి అర మీటరు ఎత్తులో ఉంటే ఆ దూరం 8 మీటర్లే. మీటరు ఎత్తులో ఉంటే 32. రెండున్నర మీటర్లకి లేపితే 200 మీటర్లు.

మన చెరువుల కొలతతో పోల్చి చూడు. ఎకరం చెరువు చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు, అయిదెకరాలదైతే 142 మీటర్లు. గట్టు మీద గడ్డిలో ఇటుక పెట్టి దాని మీద బోర్డు పెడితే ఆ దూరం దాటడం కష్టం. అదే బోర్డుని సరుగుడు బాదుకి కట్టి రెండున్నర మీటర్లకి లేపితే ఎకరం చెరువైనా అయిదెకరాల చెరువైనా లెక్క ప్రకారం చేతికందే దూరమే. డబ్బు పెట్టి యాంటెన్నా కొనే ముందు బాదు పాతి చూడు. డెల్టాలో భూమి బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కొండల బెడద లేదు, ఉన్న బెడదంతా ఈ తక్కువ ఎత్తే.

బోర్డుని చేత్తో పట్టుకుని కొలవకు. మన ఒంట్లో నీరు ఈ ఫ్రీక్వెన్సీని బాగా మింగేస్తుంది. బాదుకి కట్టి, దూరంగా జరిగి, "ఓటీ నైబర్ టేబుల్" లో యావరేజ్ ఆర్ఎస్ఎస్ఐ (వినపడే సిగ్నల్ బలం) చూడు. ఈ చిప్ మైనస్ 100 డీబీఎం దాకా వినగలదు. పగలు మైనస్ 80 కంటే మెరుగ్గా కనపడితే 20 డెసిబెళ్ల వెసులుబాటు ఉన్నట్టు. ఓపెన్‌థ్రెడ్ కూడా 20 డెసిబెళ్లకి పైన ఉన్న లింకునే లింక్ క్వాలిటీ 3, అంటే అన్నిటికంటే మంచి లింకుగా లెక్కేస్తుంది. మైనస్ 90 దగ్గర పింగ్ వస్తోందని సంతోషపడి అక్కడే ఖాయం చెయ్యకు. ఖాళీ ప్రదేశం లెక్కలోనే వంద మీటర్లకి 80 డెసిబెళ్లు పోతాయి. టీఎక్స్‌పవర్ ఎంతుందో అడిగి చూడు. 0 ఉంటే 8 కి పెంచు, చిప్ ఇస్తుంది. రూటర్లకి ఎలాగూ పెద్ద బ్యాటరీ, సోలార్ ప్యానెల్ పెట్టాలి కాబట్టి ఆ ఖర్చు భారం కాదు.

పరీక్ష ఏ వేళ చేస్తావన్నది కూడా ముఖ్యమే. చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకి చేరేది తెల్లవారుజామున. ఏరియేటర్లన్నీ (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరిగేదీ, రైతుకి కబురు అందకపోతే పంట నష్టపోయేదీ అప్పుడే. మధ్యాహ్నం ఏరియేటర్లు ఆపి ఉన్నప్పుడు తీసిన కొలత ఆ వేళకి సాక్ష్యం కాదు. రాత్రంతా లాగ్ నడవనివ్వు. ప్యాడిల్ వీల్ చక్రాలు నీటిని తెరలా ఎగజిమ్మే చోటికి సూటిగా ఎదురుగా యాంటెన్నా రాకుండా బాదు కొంచెం పక్కకి పాతు. ఏరియేటర్ మోటార్ల వల్ల 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకి పెద్ద గొడవేమీ రాదు కానీ, మోటారు ఆన్ అయిన క్షణంలో వోల్టేజీ కుంగితే అదే లైను మీదున్న బోర్డు రీసెట్ అవుతుంది. లాగ్‌లో ఒకే వేళకి లింకులన్నీ తెగి రెండు నిమిషాలకి మళ్లీ కలిస్తే రేడియోని తిట్టకు, పవర్ సప్లై చూడు.

వానని చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఈ ఫ్రీక్వెన్సీకి వాన చినుకులు పెద్ద అడ్డు కావు. తడిసిన ఆకులు మాత్రం అడ్డే. కోనసీమ వైపు గట్ల మీద కొబ్బరిచెట్లు వరసగా ఉన్న చోట చూపు రేఖ చెట్ల మధ్య సందులోంచి వెళ్లేలా రూటర్ చోటు ఎంచుకోవాలి, లేదా ఒక రూటర్ అదనంగా పెట్టాలి. నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడిపోతాయి. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టె వాడు. ఇనప పెట్టెలో పెడితే బోర్డు మీది యాంటెన్నా చచ్చినట్టే.

నీ మూడో ప్రశ్నకి జవాబు. చెరువులు పక్కపక్కనే ఉండి, ప్రతి వంద మీటర్లకీ ఒక బాదు పాతగలిగితే థ్రెడ్ బాగా పనికొస్తుంది. దాని అసలు బలం ఒక రూటర్ పోయినా పక్క దారి వెతుక్కోవడం. సెన్సర్ బోర్డులు స్లీపీ ఎండ్ డివైస్‌లుగా పడుకుని, లేచినప్పుడు మాత్రం పేరెంట్‌ని (తాము పట్టుకుని ఉన్న రూటర్‌ని) అడిగి మళ్లీ పడుకుంటాయి కాబట్టి బ్యాటరీ బాగా నిలుస్తుంది. షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) కి నాలుగో బోర్డుగా తెచ్చిన డాంగిల్‌ని తగిలించి, రెండింటికీ తగిన సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే బోర్డర్ రూటర్ (థ్రెడ్‌ని బయటి నెట్‌వర్క్‌కి కలిపేది) అవుతుంది, అక్కణ్నుంచి 4జీ మీద ఫోన్‌కి మెసేజ్. అలా కాకుండా ఒక చెరువు ఇక్కడ, ఇంకొకటి కాలవ దాటి కిలోమీటరు అవతల ఉంటే మధ్యలో బాదులు పాతే చోటే ఉండదు. అలాంటప్పుడు థ్రెడ్‌తో కుస్తీ పట్టకు, 865 మెగాహెర్ట్జ్‌లో లోరా (కొద్దిపాటి డేటాని చాలా దూరం పంపే రేడియో) తీసుకో. పంపాల్సింది పదిహేను బైట్లే కదా.

ఫిల్టర్ పరీక్ష చేసి, బాదులు పాతి కొలిచాక మూడు బోర్డుల రూటర్ టేబుల్, నైబర్ టేబుల్ ఇక్కడ పెట్టు. బాదుల మధ్య దూరం, నీటి మట్టం నుంచి యాంటెన్నా ఎత్తు కూడా రాయి. డేటాసెట్ హెక్స్ వరుస మాత్రం పెట్టకు, అందులో నీ నెట్‌వర్క్ కీ ఉంటుంది. ఇప్పటికే ఎక్కడైనా పెట్టేసి ఉంటే ఒకటో బోర్డులో కొత్త డేటాసెట్ చేసి మిగతావాటికి అదే ఎక్కించు.